వెనక సీటు నుంచి ఒక సైలెన్సర్ కథ

"గమ్మున" అనే మాటతో ఇరవై ఏళ్ళ కిందట మా ఇంట్లో ఒక తమాషా జరిగింది. మా తోడికోడలిది తెనాలి. వాళ్ళ వైపు "గమ్మున రా" అంటే తొందరగా రమ్మని. మా చిత్తూరు వైపు "గమ్మునుండు" అంటే మాట్లాడకుండా ఉండమని. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె ఏదో చెప్పబోతే మా అత్త "గమ్మునుండు మే" అంది. తొందర చేస్తున్నారనుకుని పాపం ఆమె పరుగున పోయి అంట్లన్నీ తోమేసింది. ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మొన్న వేసవి సెలవుల్లో మా ఇంటి ముందర పదిహేను రోజులు సైలెన్సర్ పని నడిచింది. సైలెన్సర్‌కి తెలుగు మాట చెప్పమని నన్నడిగితే "గమ్మునుంచేది" అంటాను. మా మామ వదిలిపోయిన 1972 నాటి అంబాసిడర్‌కి పాత పొగగొట్టం పీకేసి, ఇంట్లోనే మంచిది ఒకటి బిగించాలని మావాడి పట్టుదల. వాడిది ఇంజినీరింగ్ రెండో ఏడు. వాడికి కారు బుల్లెట్ బండిలాగా దడదడమని మోగాలి. మా ఆయనకి ఖర్చు తక్కువలో పోవాలి. నాకు వీధిలో పరువు పోకూడదు. మా అత్తకి ఏం కావాలని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ నలభై ఏళ్ళ ముందే ముగిసేది.

ముందు ఆ కారు సంగతి చెప్తాను. అంబాసిడర్ అంటే ఇప్పటి పిల్లలకి సినిమాల్లో మంత్రుల కారు. దాని పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారునే, కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1957 నుంచి అంబాసిడర్ పేరుతో తయారుచేశారు. 2014 మే నెలలో ఆపేశారు. మామ కారు తయారైన రోజుల్లో మన దేశంలో కార్లంటే ముఖ్యంగా మూడే. బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్, ఈ అంబాసిడర్. కొత్తది కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకోవాలి. అందుకే కారు ఉన్నవాళ్ళు దాన్ని మార్చేవాళ్ళు కాదు, బాగుచేసుకుంటూ పోయేవాళ్ళు. చిత్తూరులో దొరకని సామాను కోసం మద్రాసు పుదుప్పేటకి పొయ్యేది మా మామకి అలవాటు. పొద్దున బస్సెక్కితే రాత్రికి సంచిలో ఇనుము, అత్తకి ఒక మూర మద్రాసు మల్లెపూలు తెచ్చేవాడట.

మామది బెల్లం మండీ. 1978లో ఈ కారు రెండో చేతి మీద కొన్నాడు. వీధి మలుపులో కారు చప్పుడు వినబడగానే అత్త అన్నం వార్చేది. ఆ చప్పుడే ఆమెకి గడియారం. కాబట్టి కారు మోగడం మా ఇంట్లో కొత్త కాదు.

ఆ కారుకి అసలు పని పెరటాసి శనివారాల్లో పడేది. చిత్తూరు నుంచి పూతలపట్టు, పాకాల, చంద్రగిరి మీదుగా అలిపిరి, అక్కడి నుంచి కొండ. కొండకి మోటారు దారి వచ్చింది 1944లో. అంతకు ముందు అలిపిరి మెట్లో శ్రీవారి మెట్టో ఎక్కిపోవాలి. చేతకానివాళ్ళని డోలీల్లో మోసేవాళ్ళు. 1944 ఏప్రిల్‌లో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ మొదటి ఘాట్ రోడ్డు తెరిచాడు. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు అయినాయి. ఆ రోడ్ల పుణ్యమా అని ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు సులభంగా స్వామిని చూడగలిగారు. కానీ వాళ్ళంతా ఎక్కడ కూచుని పోయారో చరిత్రలో ఎవరూ రాయలేదు. వెనక సీట్లో కూచుని పోయారు.

మా ఇంటి లెక్క ఇట్లుండేది. ముందు మామ, పక్కన మండీ గుమాస్తా, మధ్యలో పెద్దకొడుకు. వెనకాల అత్త, ఆమె అత్తగారు, మిగతా పిల్లలు, కాళ్ళ దగ్గర పులిహోర గిన్నె. ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి అత్తకి తల పగిలిపోయేది. పిల్లలకి వాంతులు. కొందరు వాంతి కూడా చేసుకోకుండా మత్తుగా వాలిపోయేవాళ్ళు. చేతిలో నిమ్మకాయ, కొంగు ముక్కుకి అడ్డం. "తలకాయ నొస్తా ఉండాది, రవ్వంత ఆపండి" అంటే మామ ఇచ్చే జవాబు ఒకటే. "ఆడోళ్ళకి మోటారు వాసన పడదు. గమ్మునుండు." పైకి పోయి చెట్టు కింద కాసేపు కూచుంటే నొప్పి దానంతటదే దిగిపోయేది. గుండు కొట్టించుకుంటే ఈ మాత్రం నొప్పి కూడా ఉండదని మామ ఎగతాళి చేసేవాడట.

పెళ్ళయి వచ్చాక నేనూ అదే సీట్లో అదే తలనొప్పితో కొండెక్కాను. నాకూ పడదు కాబోలు అనుకున్నాను. మా అమ్మ కూడా ప్రయాణాలు పడవనేది. ఆడవాళ్ళకి పడదు అన్నది ఎంత సులభంగా నమ్మేస్తామో చూడండి.

ఈ వేసవిలో మావాడు కారు కింద దూరినాడు. నేను పానాలు అందిస్తా పక్కన పీట వేసుకుని కూచున్నాను. "అమ్మా, ఇక్కడ గొట్టానికి నూనె డబ్బా రేకు చుట్టి కట్టుతీగతో కట్టుండారు" అని కేకేశాడు. తీగ తెంచి రేకు పీకితే, దాని కింద గొట్టానికి నా బొటనవేలు పట్టేంత బొక్క. సరిగ్గా వెనక సీటు కింద. దాని పైన కారు అడుగు రేకులో, ఎప్పుడో రబ్బరు బిళ్ళ ఊడిపోయిన రంధ్రం ఒకటి. మా ఆయన ఆ రేకుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తాను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నాయన చుట్టిన రేకు అది. పక్కన కూచుని తీగ పట్టుకున్నది తానే.

కారు బరబరమని మోగుతోందని మామ ఆ రేకు చుట్టాడు. చప్పుడు ఆగింది. పొగ ఆగలేదు. చెవికి తెలిసిన తప్పుని సరిచేశాడు. ముక్కుకి, తలకి తెలిసిన తప్పు వెనక సీట్లో ఉండిపోయింది.

ఇంజిన్‌లో పెట్రోలు పూర్తిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత కడుపులో తిప్పడం, మత్తు. ఎక్కువైతే ప్రాణమే పోతుంది. మంచి గాలిలోకి వస్తే మెల్లగా దిగుతుంది. అత్త చెట్టు కింద కూచుంటే నొప్పి పోవడం గుర్తుందా? ఘాట్ రోడ్డు మీద కారు మొదటి గేర్లో, రెండో గేర్లో నిదానంగా, ఇంజిన్ మీద పూర్తి బరువుతో ఎక్కుతుంది. పొగ ఎక్కువ, దాన్ని వెనక్కి తోసేసే గాలి తక్కువ. ఘాట్ రోడ్డు వాంతులన్నీ పొగ వల్లనే అని నేను అనను. వంపులకి కడుపు తిప్పడం నిజమే. కానీ వంపులకి తిప్పే కడుపు ముందు సీట్లో కూచున్న పెద్దకొడుక్కి ఒక్కసారైనా ఎందుకు తిప్పలేదు?

గొట్టాన్ని వసారాలో అత్త ముందర పెట్టాం. ఆమె బొక్కలో వేలు పెట్టి చూసింది. "ఇంత బొక్కా! నేను చెప్తే ఎవురు ఇన్నారు?" అంది. కోపంగా కాదు, బియ్యంలో రాళ్ళేరుతూ మాట్లాడినట్టు అంది. మా ఆయన ఏమీ అనలేదు.

ఆ రోజు నుంచి నాకు ఈ గొట్టం చరిత్ర తెలుసుకోవాలని పట్టుదల వచ్చింది. మావాడి పుస్తకాలు, వాడు ఫోన్లో చూపించినవి, నేను చదివినవి కలిపి చెప్తున్నాను.

మా అంబాసిడర్‌లో ఉన్నది 1489 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు. అది నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే లోపల 6,000 చిన్న పేలుళ్ళు జరుగుతాయి. ప్రతి పేలుడు తర్వాత వేడి పొగ ఒక్క ఉదుటున బయటికి వస్తుంది. కుక్కర్లో ఆవిరి ఉండగానే వెయిట్ ఎత్తేస్తే ఎట్లా బుస్సుమంటుందో తెలుసు కదా. అదే ఆవిరిని మెల్లగా వదిలితే చప్పుడుండదు. సైలెన్సర్ చేసేది అదే. పెద్ద డబ్బా, అందులో చిల్లుల గొట్టాలు, అడ్డు గోడలు. పొగ అందులో వ్యాపించి, నిదానించి, శబ్దం తరంగాలు గోడలకి తగిలి ఒకదాన్నొకటి చంపుకుని బయటికి వస్తాయి. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ ఊరి రీవ్స్ సోదరులు ఇంజిన్ సైలెన్సర్‌కి 1897లోనే పేటెంటు తీసుకున్నారు. తర్వాత హైరమ్ పెర్సీ మాక్సిమ్ తుపాకి చప్పుడు తగ్గించే సైలెన్సర్‌కి 1909లో పేటెంటు పొందాడు, మోటార్లకీ అలాంటివి చేశాడు. తుపాకి, కారు రెండూ ఒకే మనిషి చేతిలో గమ్మునయినాయి.

అయినా ఆ కాలం మగపిల్లలు కూడా మావాడి మాదిరే ఉండినారు. పాత కార్లలో "కటౌట్" అని ఒక మీట ఉండేది. అది నొక్కితే పొగ సైలెన్సర్‌లోకి పోకుండా నేరుగా బయటికి వచ్చేది. గట్టు ఎక్కేటప్పుడు కొంచెం బలం వస్తుందని పెట్టినారు. జనం ఊరి నడిబొడ్డున దాన్ని తెరిచి దడదడలాడించేవాళ్ళు. చివరికి చాలా ఊళ్ళు దాన్ని నిషేధించాయి. ఇప్పుడు మన రాష్ట్రంలో పోలీసులు మార్చిన సైలెన్సర్లు పీకించి రోడ్డు రోలర్ కింద తొక్కిస్తున్న ఫోటోలు పేపర్లో చూసినప్పుడల్లా ఈ కటౌట్ కథే గుర్తొస్తోంది. నూరేళ్ళుగా అదే మీట, అదే వయసు.

చప్పుడు సంగతి అట్లా తేలింది. పొగ సంగతి తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అనే ఆయన పెట్రోల్లో సీసం కలిపితే ఇంజిన్ టకటకమని కొట్టుకోదని కనిపెట్టాడు. 1923లో అమ్మకం మొదలైంది. దాన్ని గట్టిగా వ్యతిరేకించిన వాళ్ళలో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ ఒకరు. ఫ్యాక్టరీల్లో సీసం విషం ఎక్కిన కూలీలని ఏళ్ళ తరబడి చూసిన మనిషి. 1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆమెని అధ్యాపకురాలిగా తీసుకుంది. అక్కడ మొదటి మహిళ ఆమే. కానీ అధ్యాపకుల క్లబ్బులోకి రాకూడదు, పట్టాల ఊరేగింపులో నడవకూడదు అని షరతులు పెట్టింది. 1925లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో ఆమె సీసం ప్రమాదమని చెప్పింది. ఎవరు విన్నారు? కొన్నాళ్ళు ఆపినట్టు ఆపి మళ్ళీ అమ్మారు. ఆ సీసం ప్రతి కారు గొట్టం నుంచి దుమ్ములో కలిసి చిన్నపిల్లల రక్తంలో చేరింది. పిల్లల మెదడు ఎదుగుదలని సీసం దెబ్బతీస్తుంది. అది చదువుతుంటే నాకు మా అత్త మాటే చెవిలో పడింది.

తర్వాత ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన యూజీన్ హుడ్రీ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ చేశాడు. అది 1975 మోడళ్ళ నుంచి అమెరికా కార్లలోకి వచ్చింది. సీసం తగిలితే కన్వర్టర్ చెడిపోతుంది. అందుకని అప్పటి నుంచి సీసం లేని పెట్రోలు అవసరమైంది. పిల్లల కోసం వినని మాట యంత్రం కోసం విన్నారు. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు, కొత్త కార్లకి కన్వర్టర్లు వచ్చాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ప్రపంచంలో చివరగా 2021లో అల్జీరియా మానేసింది.

మామ బతికుండగా జరిగిన ఒక ముచ్చట ఇక్కడ చెప్పాలి. సీసం పోతే పాత ఇంజిన్లలో పొగ బయటికి వదిలే వాల్వు కూచునే చోటు త్వరగా అరిగిపోతుంది, ఘాట్ రోడ్డు ఎక్కే కార్లకి మరీను. మామ అది ఎక్కడో విని, ఇంజిన్ హెడ్ విప్పించి, గట్టి రింగులు వేయించాడు. ఇంజిన్ నొప్పి ఆయనకి తెలుసు. ఆయన చెడ్డవాడు కాదండీ. ప్రతి వంపులో ఆపి రేడియేటర్‌కి నీళ్ళు పట్టేవాడు. ఆ కాలంలో మనుషులు యంత్రం మాట వినడం నేర్చుకున్నారు. వెనక సీటు మాట వినడం ఎవరూ నేర్పలేదు.

పొగతో మనకున్న సంబంధం కారు కంటే పాతది. మా అత్త చిన్నప్పటి వంటింట్లో పొయ్యి పొగకి గోడలు నల్లగా ఉండేవట. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని ఊదురు గొట్టంతో ఊదడమే వంట. అది కూడా "ఆడోళ్ళకి అలవాటే" కింద పోయింది. కానీ 1950లలోనే హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి.రాజు అనే మన ఇంజినీరు పొగలేని పొయ్యి తయారుచేశాడు. మట్టితోనే కట్టే పొయ్యి, పొగ బయటికి పోవడానికి గొట్టం. పుట్టినచోట పొగని పట్టి, గట్టి దారిలో నడిపించి, మనుషుల ముక్కుకి దూరంగా వదలడం. కారు గొట్టం చేసేదీ అదే పని. దేశమంతా మెరుగైన పొయ్యిల పథకం 1983లో గానీ రాలేదు. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం కింద చాలామంది ఆడవాళ్ళకి గ్యాసు అందింది. అంటే కట్టెల పొగ వంటింట్లోంచి, సీసం పెట్రోల్లోంచి కొద్ది నెలల తేడాతో బయలుదేరాయన్నమాట. రెండింటి కింద పెరిగిన తరం మనదే.

ఇక మా పని. ఎవరికైనా పనికొస్తుందని వివరంగా చెప్తున్నాను.

ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరినీ దూరనివ్వకండి. మేము గట్టి నేల మీద, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, ఇనుప స్టాండ్లు నాలుగు పెట్టిన తర్వాతే మావాడిని పంపాను. నట్లు యాభై ఏళ్ళ తుప్పు. రాత్రి కిరసనాయిలు పోసి నానబెట్టి పొద్దున విప్పాం. అయినా మానిఫోల్డ్ దగ్గర ఒక బోల్టు విరిగింది, దాన్ని లేత్ షాపులో తీయించాల్సి వచ్చింది.

పాత గొట్టాలు తుప్పు పట్టేది ఎక్కువగా లోపలి నుంచి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు ఆవిరిగా పుడతాయి. కారుని రోజూ కొంచెం దూరమే నడిపితే గొట్టం సరిగ్గా వేడెక్కదు, ఆ నీళ్ళు డబ్బాలోనే నిలిచిపోతాయి. అందుకే పైకి నున్నగా కనిపించిన డబ్బాని తడితే తుప్పు గుప్పెడు రాలింది.

కొత్త గొట్టానికి వంపుల కొలత ఎట్లా అన్నది సమస్య. పాతవాటిని వాకిట్లో పరిచి చుట్టూ ముగ్గుపిండితో గీత గీశాను. పైన నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. ఆ ముగ్గు చూసుకునే వెల్డింగ్ అతను గొట్టం వంచాడు. "మేడమ్, ఇంత బాగా డ్రాయింగ్ ఎవురూ ఇయ్యలే" అన్నాడు. బి.ఏ. తెలుగులో చెప్పని పాఠం.

అతను మొదట జి.ఐ. నీళ్ళ పైపు చవకలో వేస్తానన్నాడు. వద్దన్నాం. దానికి పూసిన జింకు వెల్డింగ్ వేడికి పొగై మనిషికి జ్వరం తెప్పిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకున్నాం. నేను ఫ్రిజ్ మీది అయస్కాంతం పట్టుకుపోయాను. మంచి వంట గిన్నెల 304 రకం స్టీలుకి అది అంటుకోదు. కార్ల గొట్టాలకి వాడే 409 రకానికి అంటుకుంటుంది. రెండోది చవక, పైన కొంచెం మరక పడుతుంది గానీ ఈ పనికి చాలు.

మావాడు రెండున్నర అంగుళాల గొట్టం కావాలని పట్టుబట్టాడు. వాడి లెక్చరరే వాడికి బుద్ధి చెప్పాడట. చిన్న ఇంజిన్‌కి మరీ వెడల్పు గొట్టం పెడితే పొగ వేగం తగ్గి, తక్కువ చుట్ల మీద లాగే బలం పోతుంది. ఘాట్ రోడ్డుకి కావలసింది ఆ బలమే. అందుకని 1¾ అంగుళాల దగ్గర ఆగాం. ఇక చప్పుడు సంగతి. ప్రతి మోటారు బండికీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలని 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 120వ నియమం చెప్తోంది. అది చదివి వినిపించాక వాడు గమ్మునయినాడు, చిత్తూరు అర్థంలో.

కొత్త గాస్కెట్ వేసి, నట్లు ఒకేవైపు బిగించేయకుండా అటొకటి ఇటొకటి కొద్దికొద్దిగా బిగించాం. వేలాడదీసే రబ్బర్లు కొత్తవి. కారు అడుగు రేకులో ఉన్న రంధ్రాలన్నిటికీ రబ్బరు బిళ్ళలు, డిక్కీకి కొత్త రబ్బరు అంచు. డిక్కీ సరిగ్గా మూసుకోకపోతే వెనకాల వదిలిన పొగ మళ్ళీ లోపలికి వస్తుంది. తర్వాత ఆరుబయట ఇంజిన్ వేసి, అతుకుల మీద సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూశాం. మూసిన షెడ్డులో మాత్రం ఇంజిన్ ఎప్పుడూ వేయకండి.

గొట్టం మార్చినంత మాత్రాన పొగ మంచిది కాదు. పొగ పుట్టేది కార్బురేటర్ దగ్గర. అది ట్యూనింగ్ చేయించి, పొల్యూషన్ పరీక్షకి పోయాం. ఇట్లాంటి పాత పెట్రోలు కార్లకి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. మాది ట్యూనింగ్‌కి ముందు 4.1, తర్వాత 2.3 వచ్చింది. మొత్తం ఖర్చు తొమ్మిది వేల చిల్లర. మా ఆయన మొహం చూడాల్సింది.

ఆ శనివారం తెల్లవారుజామున కొండకి బయలుదేరాం. మా ఆయన ముందు తలుపు తెరిచి "అమ్మా, నువ్వు ముందర కూచో" అన్నాడు. అత్త వినలేదు. "నేను వెనకాల కూచుంటేనే కదా తెలిసేది" అని తన పాత చోట్లోనే కూచుంది. నేను పక్కన కూచున్నాను. చేతిలో నిమ్మకాయ అలవాటుగా తెచ్చుకుంది. ఘాట్ రోడ్డు మొదలయ్యాక కార్లో ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన అద్దంలో అమ్మనే చూస్తున్నాడు. ప్రతి వంపుకీ ఎవరో ఒకరు "ఎట్లుండాది?" అనడం. "రోడ్డు చూసి తోలు" అనడం ఆమె.

పైన దిగాక అందరం ఆమె మొహం చూస్తూ నిలబడ్డాం. ఆమె నిమ్మకాయని కొంగున ముడేసుకుంది. "కాఫీ తాగుదాం పా" అంది. అంతే. మా ఆయన పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

కాఫీ తాగుతుండగా కరెంటు బస్సు ఒకటి చప్పుడు లేకుండా పోయింది. 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ తిరుపతి–తిరుమల మధ్య అవి నడుపుతోంది. అత్త దాని వెనకాల వంగి వంగి చూసింది. "దీనికి గొట్టమే లేదే!" అంది. లేదత్తా, పొగే లేదు, గొట్టమెందుకు అన్నాను. "అయితే వెనకాల కూచున్నోళ్ళు బతికిపోయినారు" అంది.

మీ ఇంట్లో పాత కారుంటే, అందులో ఎక్కినప్పుడల్లా అమ్మకో పాపకో తలనొప్పి వస్తుంటే, ముందు నిమ్మకాయ వెతక్కండి. కారు కిందికి వంగి చూడండి.